ఏడు రోజుల ఊరు: విద్యార్థి సేవా శిబిరాల్లో ఎదిగేదెవరు?

ఎన్‌.ఎస్‌.ఎస్‌. (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం ముగింపు సభ ఎక్కడ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. సర్పంచ్‌కు శాలువా కప్పి, ప్రిన్సిపాల్ ప్రసంగం అయ్యాక ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మైకు ముందుకు వస్తారు. ఈ వారం రోజులు మా జీవితాన్నే మార్చేశాయంటారు. ఆ మాట అంటున్నప్పుడు గొంతు నిజంగానే పూడుకుపోతుంది. నటన అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే మారింది ఏమిటి, ఆ మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది, అందుకు ఆ ఊరు ఏం ఖర్చు పెట్టుకుంది అని అడిగేవాళ్లు మన కాలేజీల్లో తక్కువ. 'విద్యార్థులలో వ్యక్తిత్వ వికాసం కలిగినది' అని నివేదికలో ఒక వాక్యం రాసి, ఫొటోలు అంటించి ఫైలు కట్టేస్తారు. సగం శతాబ్దానికి పైగా నడుస్తున్న పనికి ఆ ఒక్క వాక్యం సరిపోదు.

పల్లెకు వెళ్తే చదువుకున్నవాడు మనిషవుతాడన్న నమ్మకం మన దగ్గర పుట్టింది కాదు. 1874 వేసవిలో రష్యాలో వేలమంది యువతీయువకులు, ఎక్కువగా విద్యార్థులు, రైతుల్లా బట్టలు కట్టుకుని ఊళ్లకు బయలుదేరారు. రైతులను తిరుగుబాటుకు లేపుదామని కొందరు, రైతుల దగ్గర బతకడం నేర్చుకుందామని కొందరు. రైతులు మాత్రం వాళ్లను అనుమానంగా చూశారు, కొన్నిచోట్ల పట్టి పోలీసులకు అప్పగించారు. మెక్సికోలో 1936 నుంచి వైద్య విద్యార్థులను సామాజిక సేవ పేరుతో ఊళ్లకు పంపుతున్నారు. ఇండోనేషియాలో 1970ల మొదట్లో మొదలైన పద్ధతిలో విద్యార్థులు నెలా రెండు నెలలు ఊళ్లోనే మకాం పెడతారు. చైనా సాంస్కృతిక విప్లవ కాలంలో కోటిన్నరకు పైగా పట్టణ యువతను పల్లెలకు తరలించింది. వాళ్లలో కొందరు మంచి రచయితలయ్యారు. చాలామందికి చదువు పోయింది. పల్లెకు వెళ్లినంత మాత్రాన మేలు జరగదని చెప్పడానికి ఈ చరిత్ర చాలు. ఎవరు పంపారు, ఎంతకాలం ఉన్నారు, ఏ పని మీద వెళ్లారు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

మన వైపు కథ పుస్తకాల్లో కనిపించే దానికన్నా పాతది. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల చేతికి ప్రశ్నావళి ఇచ్చి దక్షిణాది ఊళ్ల సర్వే చేయించాడు. అది 1918లో పుస్తకంగా వచ్చింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టడానికి ముందు కాలమది. కోస్తా, సీమ కాలేజీలన్నీ మద్రాసు కిందే ఉండేవి. ఆ విద్యార్థుల్లో చాలామంది సర్వే చేసింది తమకు బాగా తెలిసిన ఊళ్లనే. తరవాత గుజరాత్ విద్యాపీఠం విద్యార్థులతో గాంధేయ ఆర్థికవేత్త జె.సి.కుమారప్ప మాతర్ తాలూకా సర్వే చేయించారు. రైతు ఆదాయమెంత, శిస్తు ఎంత, అప్పు ఎంత అని ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఆ లెక్కలు 1931లో అచ్చయ్యాయి. ఈ రెండు సందర్భాల్లోనూ విద్యార్థి ఊరిని ఉద్ధరించడానికి వెళ్లలేదు. లెక్క రాసుకుని, అర్థం చేసుకుని రావడానికి వెళ్లాడు. ఈ తేడా తరవాతి కాలంలో చెరిగిపోయింది. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక వాదమంతా నిర్బంధమా, స్వచ్ఛందమా అన్న దాని చుట్టూ తిరిగింది. విశ్వవిద్యాలయ విద్యపై వేసిన రాధాకృష్ణన్ కమిషన్ జాతీయ సేవ స్వచ్ఛందంగా ఉండాలంది. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ సంఘం కాలేజీలో చేరబోయే ప్రతివాళ్లూ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా తప్పనిసరిగా సేవ చేయాలంది. ఇతర దేశాల పద్ధతులు చూసి వచ్చిన కె.జి.సయ్యిదైన్ స్వచ్ఛందమే మేలన్నారు. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, విద్యాశాఖ మంత్రి వి.కె.ఆర్‌.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో జాతీయ సేవా పథకం ప్రారంభించారు. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత ఊళ్లో ఒక ప్రత్యేక శిబిరం అన్న చట్రం నేటికీ ఉంది. శిబిరం ఒకప్పుడు పది రోజులుండేది, ఇప్పుడు ఏడు. చాలా ఏళ్ల పాటు శిబిరానికి ఒక్కో విద్యార్థి మీద ఇచ్చిన సొమ్ము మొత్తం వారానికి 450 రూపాయలు. అంటే రోజుకు 65 రూపాయలు కూడా లేదు. మూడు పూటల తిండి, ప్రయాణం, పలుగూ పారా అన్నీ అందులోనే. మిగిలింది ఎవరు పెట్టుకున్నారన్న ప్రశ్నను పక్కన పెట్టకండి, దానితో ముందు ముందు పని ఉంది.

ప్రభుత్వ శిబిరం ఒక్కటే తెలుగు విద్యార్థిని పల్లెకు పంపలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు సహాయానికి వెళ్లిన వాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. ఎమర్జెన్సీ ముగిశాక రాడికల్ విద్యార్థి సంఘం వేసవి సెలవుల్లో 'గ్రామాలకు తరలండి' అని పిలుపునిచ్చింది. ఆ విద్యార్థులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో కూలి రేట్ల గురించి, వెట్టి గురించి, దొరల భూముల గురించి రాసుకొచ్చారు. 1978 సెప్టెంబరులో జరిగిన రైతుకూలీల ప్రదర్శన, జగిత్యాల జైత్రయాత్ర వెనుక ఆ వేసవులున్నాయి. ఆ రాజకీయాలతో ఏకీభవించినా లేకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. పల్లెకు వెళ్లి వచ్చాక జీవితం నిజంగానే మారిపోయిన విద్యార్థులు తెలుగునాట ఎక్కువగా ఆ తరంలోనే కనిపిస్తారు. కొందరికి ఆ మార్పు ప్రాణం మీదికి తెచ్చింది. ముగింపు సభ మైకుల దగ్గర ఈ వైపు చరిత్ర ఎవరూ ఎత్తరు.

ఇంకో దారి నెల్లూరు జిల్లాది. 1990ల మొదట్లో అక్కడ సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు పలకా బలపంతో రాత్రిబడి నడిపిన వాలంటీర్లు చాలావరకు ఆ ఊళ్ల కుర్రవాళ్లే, ఆడపిల్లలే. వాచకంలో సారాకు ఎదురు నిలిచిన సీతమ్మ కథ చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. అక్షరాలు నేర్పడానికి వెళ్లినవాళ్లు ఈ మలుపును ఊహించి ఉండరు. వాలంటీరు నెలల తరబడి అక్కడే ఉన్నాడు, మనిషీ ఆ ఊరివాడే. అయినా ఏం చేయాలో ఆడవాళ్లే నిర్ణయించుకున్నారు. సేవ ఫలించిన సందర్భం మన చరిత్రలో ఏదైనా ఉందా అని అడిగితే నేను మొదట దీన్నే చూపిస్తాను.

ఇప్పుడు పల్లెకు వెళ్లే పనులు ఒకటీ రెండూ కావు. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీలు ఊళ్లను దత్తత తీసుకుంటున్నాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు ఉన్నత విద్యామండలి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది, దానికి 4 క్రెడిట్లు. వైద్య విద్యార్థులకు కుటుంబ దత్తత కార్యక్రమం ఉంది. వ్యవసాయ విద్యార్థులకు చివరి ఏడాదిలో ఊళ్లో ఉండి రైతు వెంట పనిచేసే కార్యక్రమం ఎప్పటినుంచో ఉంది. పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థల పిల్లలు ఏటా గ్రామసేవ పేరుతో చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తారు. అనంతపురంలో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సంస్థ పనిని చూడటానికి ఆ దేశం నుంచి జనం వస్తూనే ఉంటారు. అక్కడ మన ఊరే పరాయి దేశపు మనిషికి జీవితానుభవం. మనం దత్తత ఊళ్లోకి దిగినప్పుడు ఆ ఊరివాళ్లకు ఎలా ఉంటుందో అనంతపురం రైతును అడిగితే కొంత తెలుస్తుంది.

సరే, పరిశోధన ఏమంటోంది? సేవ ద్వారా నేర్చుకోవడం మీద ఎక్కువ పని అమెరికాలో జరిగింది. 62 అధ్యయనాలను, 11,837 మంది విద్యార్థులను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ ఒకటుంది. తమ మీద తమకున్న నమ్మకం, చదువు మీద ఆసక్తి, నలుగురితో మెలిగే తీరు, పౌర బాధ్యత, మార్కులు అన్నిటా మెరుగుదల కనిపించిందని అది తేల్చింది. మెరుగుదల ఉంది, అయితే మోస్తరుది. జీవితాలు మారిపోయేంత కాదు. దానికి ముందు 2000లో ఆస్టిన్ బృందం 22 వేలకు పైగా విద్యార్థులను చూసి ఇంకో సంగతి చెప్పింది. ఊరికే సేవ చేసి రావడం కన్నా, చేసినదాన్ని తరగతి గదిలో చర్చించి, పాఠానికి ముడిపెట్టి, తోటివాళ్లతో మాట్లాడుకున్నప్పుడే ఫలితం ఎక్కువ. మన శిబిరాల్లో లోపించేది సరిగ్గా అదే. పగలు శ్రమదానం, మధ్యాహ్నం సర్వే, సాయంత్రం అతిథి ఉపన్యాసం, రాత్రి సాంస్కృతిక కార్యక్రమం. చూసినదాని గురించి కూర్చుని మాట్లాడుకునే గంట ఎక్కడుంది? తిరిగి కాలేజీకి వచ్చాక ఆ ఊసు ఏ తరగతిలోనూ రాదు.

నికరాగ్వా వెళ్లి వచ్చిన అమెరికా విద్యార్థుల మీద రిచర్డ్ కైలీ 2004లో రాసిన వ్యాసం ఈ కోవలో నాకు నచ్చినది. వాళ్ల లోకం చూసే తీరు మారింది. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మార్పును బతుకులోకి తెచ్చుకోలేక, నలుగురిలో కలవడానికి దాన్ని దాచుకుంటూ ఇబ్బంది పడ్డారు. అంటే మారడం ఒక ఎత్తు, తిరిగి వచ్చాక దాన్ని నిలుపుకోవడం ఒక ఎత్తు. ఇక సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ 1968 ఏప్రిల్లో మెక్సికోలో అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల సభలో వాళ్ల ముఖం మీదే సేవ చేయడానికి రావద్దన్నాడు. చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం వద్దన్నది ఆయన వాదన సారాంశం. ఆ మాట చేదుగా ఉంటుంది, అతిగానూ ఉంటుంది. కానీ స్లేటర్, కుమారప్పల విద్యార్థులు చేసింది ఇలిచ్ కోరిన పనికి దగ్గరగా ఉంది కదా అని నాకనిపిస్తుంది.

విదేశీ పరిశోధన మన దగ్గరకొచ్చేసరికి ఒక చోట తప్పటడుగు వేస్తుంది. పట్టణంలో పుట్టి పెరిగిన, కలిగిన ఇంటి పిల్లవాడు మొదటిసారి పేద ఊరిని చూస్తున్నాడని అది అనుకుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పదింట ఏడుగురు, తెలంగాణలో పదింట ఆరుగురు పల్లెవాళ్లే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ శిబిరంలో చీపురు పట్టుకున్న పిల్లల్లో చాలామంది అలాంటి ఊళ్ల నుంచే బస్సెక్కి వస్తారు. వాళ్లకు నాట్లు తెలుసు, పేడకళ్లు ఎత్తడం తెలుసు, నీళ్ల టాంకరు దగ్గర బిందెల వరస తెలుసు. నగరపు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లవాడు గేదెను చూసి సెల్ఫీ దిగినంత మాత్రాన అందరికీ అదే అనుభవమనుకోకూడదు. ఊరి పిల్లలకు వేరే ఊరిలో కొత్తగా కనిపించేది మనుషుల మధ్య ఉన్న గీత. సొంత ఊళ్లో ఆ గీతను చిన్నప్పటి నుంచి దాటకుండా పెరిగారు కాబట్టి అది కంటికి ఆనలేదు. పరాయి ఊళ్లో సర్వే కాగితం పట్టుకుని వాడలోకి వెళ్లినప్పుడు కనిపిస్తుంది. సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోయింది, కుళాయి ఏ వీధి దాకా వచ్చింది, గుడి ఎటుంది, చర్చి ఎటుంది. అది చూసిన కుర్రవాడు సొంత ఊరికి వెళ్లి తన వీధిని కొత్త కళ్లతో చూస్తే, ఆ శిబిరానికి పెట్టిన ఖర్చు దక్కినట్టే.

ఇందాక వదిలిన ఖర్చు ప్రశ్న ఇక్కడ కలుస్తుంది. గ్రాంటు చాలని శిబిరం ఎవరో ఒకరి భోజనం మీద నడుస్తుంది. ఆ పెట్టేవారు సాధారణంగా ఊళ్లో స్థోమత ఉన్నవారు, అంటే భూమి ఉన్న కులంవారు. బియ్యం ఒకరిస్తారు, కూరగాయలు ఒకరు, చివరి రోజు మాంసం సర్పంచ్ గారు. వాళ్ల మంచితనాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఏ ఇంటి అన్నం తిన్నారో ఊరంతా చూస్తుంది. పెద్దింటి అతిథులుగా వచ్చిన పిల్లలకు కూలిరేటు గురించి, అసైన్డ్ భూమి గురించి వాడలో ఎవరు నిజం చెబుతారు? వ్యవసాయ విద్యార్థులు రైతు ఇంటి పనితో మెలిగి నేర్చుకున్నంత శిబిరం పిల్లలు నేర్చుకోలేకపోవడానికి వ్యవధితో పాటు ఇదీ ఒక కారణం.

శిబిరం లోపల మాత్రం వేరే మార్పు జరుగుతుంది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. హైస్కూలు గదిలో బెంచీలు జరిపి వరసగా పడుకోవడం, ఒకే గుండిగలోంచి వడ్డించుకోవడం, ఒకే తట్ట మట్టిని ఇద్దరు అటూ ఇటూ పట్టుకోవడం కాలేజీ తరగతిలో జరగని పనులు. సమాన హోదాతో, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసినప్పుడే వర్గాల మధ్య దురభిప్రాయాలు తగ్గుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్పోర్ట్ 1954లో చెప్పాడు. ఉత్తరప్రదేశ్‌లో మ్యాట్ లో అనే ఆర్థికవేత్త వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ పోటీలు నడిపి దీన్ని పరీక్షించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్లలో ఆడినవాళ్లలో ఫలితం దానికి విరుద్ధంగా ఉంది. 2021లో అచ్చయిన ఆ పరిశోధన పాఠం శిబిరానికి నేరుగా వర్తిస్తుంది. బృందాలను స్నేహితుల గుంపులుగా వదిలేసి వాటి మధ్య పోటీలు పెట్టే ప్రోగ్రాం అధికారి తెలియకుండానే అపకారం చేస్తున్నాడు. వంట, నీళ్లు, శుభ్రం పనులు కులం పేరు, ఊరి పేరు చూడకుండా కలిపి వేయాలి. అమ్మాయిలతో వంట, అబ్బాయిలతో పలుగు అన్న పంపకం ఇంకా చాలాచోట్ల ఉంది. అది పోకుండా వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడటం నవ్వుబాటు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఇంటి గడప దాటి రాత్రి బయట ఉండటానికి నాన్న సంతకం తెచ్చుకోవడమే చాలామందికి మొదటి గెలుపు. తెలియని ఇంటి ముందు నిలబడి "అమ్మా, ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని అడగడం, ఎవరో కసురుకుంటే తట్టుకోవడం, రచ్చబండ దగ్గర మగవాళ్ల మధ్య మైకు పట్టుకోవడం తరవాత ఉద్యోగంలో, అత్తింట్లో పనికొచ్చే ధైర్యం. ఈ ఎదుగుదల నిజమైనది. కానీ నిజాయితీగా చెప్పాలంటే ఇది ఊరి వల్ల కలిగింది కాదు, ఇల్లు వదలడం వల్ల కలిగింది. స్నానాల గదికి తలుపు లేని బడిలో దింపి ఆ పిల్లల ధైర్యాన్ని మెచ్చుకోవడం మాత్రం కాలేజీ బాధ్యతారాహిత్యమే.

ఇక ఊరి లెక్క. శిబిరాలు ఎక్కువగా పరీక్షల కాలానికి అడ్డు రాకుండా చలికాలం చివర్లోనో, ఎండలు ముదిరేలోగానో పెడతారు. అప్పుడు మొక్కలు నాటుతారు. వానలు జూన్‌కు గానీ రావు. ఆలోపు నీళ్లు పోసే నాథుడుండడు. వయ్యారిభామ కలుపును చేతులకు తొడుగు లేకుండా పీకించి పిల్లలకు దురదలు తెప్పిస్తారు, పూత రాలి విత్తనం పడ్డాక పీకితే వచ్చే ఏడు మళ్లీ అంతే మొలుస్తుంది. ఉదయం పూట ఆడవాళ్లు ఉపాధి పనికి వెళ్లిపోయాక సర్వేకు వెళ్తే అరుగు మీద ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. వాళ్లు చెప్పిన ఆదాయమే ఇంటి ఆదాయంగా నమోదవుతుంది. రక్తపోటు చూసి ఎక్కువుందని చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఆశా కార్యకర్తకు ఆ పేర్లు ఇవ్వకుండా వెళ్లిపోయే వైద్య శిబిరం మనిషికి భయం మాత్రమే మిగులుస్తుంది. ఒకే ఊరికి కమ్యూనిటీ సర్వీస్ పిల్లలు, ఎన్‌.ఎస్‌.ఎస్‌. పిల్లలు, సోషల్ వర్క్ పిల్లలు వరసగా వచ్చి మరుగుదొడ్డి ఉందా, అప్పు ఎంత ఉంది అని అవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబు చెప్పినవాళ్లకు ఆ కాగితం ఎక్కడికి పోయిందో తెలియదు. అమెరికాలోనే మాడిసన్ నగరంలో విద్యార్థి వాలంటీర్లను తీసుకునే సంస్థలను పరిశోధకులు స్టోకర్, ట్రయాన్ అడిగినప్పుడు ఇదే రకం ఫిర్యాదు వచ్చింది. వచ్చిన పిల్లలకు పని నేర్పడానికే సమయమంతా సరిపోతోంది, నేర్చుకునేసరికి వెళ్లిపోతున్నారు.

బాగా జరిగే పనులూ ఉన్నాయి. వాటిలో ముగ్గుతో ఊరి పటం గీయడం ఒకటి. 1989-91లో హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో పనిచేసిన రాబర్ట్ చాంబర్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతుల్లో ఇదొకటి, వ్యవసాయ విద్యార్థులు నేటికీ చేస్తున్నారు. బడి ఆవరణలో నేల ఊడ్చి, సుద్దముగ్గు, రంగులు ఇచ్చి ఊరినే గీయమంటారు. మొదట సిగ్గుపడతారు. తరవాత చెరువు ఇక్కడ కాదు అక్కడ అని ఒకరు, మా వాడ బోరు ఎందుకు వెయ్యలేదని ఇంకొకరు. గొడవ మొదలవుతుంది. ఆ గొడవ వింటూ నోరు మెదపకుండా రాసుకోవడమే విద్యార్థికి పాఠం. ఉపన్యాసం ఇవ్వడం అందరికీ వచ్చు. వినడం నేర్పే చోట్లు మన చదువులో అరుదు.

ఇవన్నీ చూశాక నా తీర్పు ఇది. ఏడు రోజుల శిబిరం విద్యార్థికి మేలు చేస్తుంది, మోస్తరుగా, కొన్ని షరతుల మీద. ఊరికి చేసే మేలు ఎక్కువ సందర్భాల్లో దాదాపు సున్నా. ఆ సున్నాను దాచి సేవ అని పిలవడం కన్నా, ఊరు విద్యార్థికి పాఠం చెబుతోందని ఒప్పుకుని దానికి తగిన మర్యాద చేయడం మంచిది. క్రెడిట్లు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. 180 గంటలను లాగ్‌బుక్‌లో సంతకాలతో నింపేయడానికి వీలిచ్చే పద్ధతినే తప్పుపడతాను. ఇంట్లో కూర్చుని నింపిన లాగ్‌బుక్ విద్యార్థికి నేర్పేది ఒక్క అబద్ధం రాయడమే.

కాబట్టి ప్రోగ్రాం అధికారులకు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మెంటర్లకు ఒక విన్నపం. కొత్త ఊరు వెతకకుండా వచ్చే ఏడూ అదే ఊరికి వెళ్లండి. శిబిరం తేదీలు సర్పంచ్‌తో పాటు డ్వాక్రా సంఘాల వాళ్లనూ అడిగి పెట్టండి. సర్వే ఫలితాలను తెలుగులో నాలుగు పేజీలుగా రాయించి, విద్యార్థులతోనే గ్రామసభలో చదివించండి, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. క్రెడిట్లకు మార్కులు వేసేటప్పుడు ఫొటోల ఆల్బమ్ పక్కన పెట్టి ఆ రసీదు అడగండి.